నమిలిన మెతుకులు

కంపు. ముందు కంపు, మిగతావన్నీ ఆ తర్వాతే. నలభై ఏళ్ల డీజిలు, అందులో నానిన ఆక్టోపస్ జిగురు, ఎక్కడో పలకల సందున ఎలుక చచ్చి ఎండిన వాసన, వీటన్నిటికీ అడుగున తడి చెక్క పులిసిన వాసన, ముల్లంగి ఊరబెట్టిన పీపా మూత తీసినట్టు. ఇంజిన్ పీకేసిన గోతిలో బోర్లా పడుకుని ఉన్నాను. గడ్డం కింద గోనెసంచి, చేతిలో టార్చి, మోకాళ్ల కింద చల్లటి మడ్డి. అరవై ఏళ్ల మనిషిని, ఈ దీవిలో చెక్క పడవ పని తెలిసినవాళ్లలో మిగిలిన ఆఖరివాణ్ని, ఇలా ఒకరి పడవ పొట్టలో పురుగులా పడి ఉన్నాను. ముక్కు ముందర గోధుమపిండి. పడవ యజమాని నత్సుయో వంటింట్లోంచి తెచ్చి ఇచ్చింది, సగం సంచీ, ఇచ్చేటప్పుడు మొహం కూడా ముడుచుకుంది. పడవ పొట్ట గుడ్డలతో తుడిచి ఆరబెట్టి పిండి పలచగా చల్లితే నీటి చుక్క దాక్కోలేదు. తగిలిన చోట పిండి నల్లబడుతుంది, చార కడుతుంది, ఆ చార పట్టుకుని వెనక్కి పోతే ఊట దొరుకుతుంది. బయట పోటు ఎక్కుతోంది. పడవ రేవు వాలులో దిమ్మెల మీద కూర్చుంది, వెనక కొస, అమరం, సముద్రం వైపు, ముందు కొస ఊరి వైపు. నీళ్లు అమరాన్ని ముందు తాకి, ఒక్కో జానా ముందుకు పాకుతాయి. గంటలో మొత్తం పాకుతాయి. ఆ గంట నాది.

పొద్దున నత్సుయో ఒకటే మాట చెప్పింది. "ఈ పోటుకి తేలిపోవాల మేస్త్రిగారూ. ఊట దొరికిందా, ఎల్లుండే ఇంజిన్ దించి వేటకి పోతా. దొరకలేదా, అడుగు పలకల సందుల్లో పాత పీచంతా పీకించి కొత్తది కొట్టించేద్దాం. ఎంతైనా ఆ జల్లెడ ముసలాడు చేసిన పనే కదా." ఎంతైనా. ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో ఆమె నోట. పడవ కట్టించిన మోహెయ్ కూతురు ఆమె, ఈ పడవ దింపినప్పటికి పాలు తాగే పిల్ల. తండ్రి నోట విన్నది ఆమె నోట్లో అలాగే నిలవ ఉంది. మధ్యలో ముగ్గురి చేతులు మారిన పడవని వెతికి మరీ కొనుక్కుంది, ఇందులో ఒంటరిగా ఆక్టోపస్‌లు పట్టే కుండలు దింపుకుంటుందట. సందులన్నీ పీకి కొత్త పీచు కొట్టినా ఊట ఆగదు. ఆగదని నాకు తెలుసు. ఆమె వెళ్తుంది, గాలి లేస్తుంది, కాళ్ల కింద నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో తెలియక తోడుకుంటూ ఉంటుంది. ఛీ, ఏం ఆలోచనలు, కళ్లు పిండి మీద పెట్టరా.

అమరం తడిసింది. బయట పలక మీద నీళ్లు నాకుతున్న చప్పుడు, కుక్క గిన్నె నాకినట్టు. పిండి తెల్లగానే ఉంది. ఈ చివర పలక ఈమధ్య నేను కొత్తది వేసిందే, పాతదాని నిండా ఎవడో రెసిన్ పులిమాడు. లోపల చెక్క చస్తుంటే పైన గాజులాగా మెరిసే పూత. ఉలితో గోకితే అట్టలు అట్టలుగా లేచింది, కింద చెక్క పిడికెడు మెత్తటి బూడిదగుమ్మడి గుజ్జులాగా చేతికొచ్చింది. గుజ్జులో పురుగు. చెక్క తినే సముద్రపు పురుగు, వేలెడు పొడుగు, తెల్లగా, చీమిడిలాగా, మూతి దగ్గర రెండు చిన్న పెంకులు. ఏటా రెండుసార్లు పడవని ఒడ్డుకెక్కించి అడుగున పొగ పెడితే చచ్చేవి, ఆ ఓపిక ఎవడికీ లేదు, రంగు కొడితే చాలు. ఆ పక్కన సిమెంటు. సిమెంటు! పడవకి! ఇంటి దొడ్డికి పూసినట్టు పూశాడు ఎవడో, పక్కన సోయా రసం డబ్బా రేకు కత్తిరించి మేకులు కొట్టాడు ఇంకొకడు, బొమ్మ ఇంకా కనపడుతోంది. ఒక మేకు రంధ్రంలో నమిలేసిన చూయింగ్ గమ్ దొరికింది, పళ్ల గుర్తులతో సహా. అది బయటికి లాగి పారేశాను. నోట్లోది తీసి పడవకి పెట్టడమేంట్రా, థూ అనుకున్నాను. ఆ రోజు మధ్యాహ్నం అన్నం సయించలేదు, నత్సుయో పెట్టిన అన్నం ముద్దలు పిల్లికి వేశాను.

గోడ మీద నారింజ తొక్క వలుస్తున్న చప్పుడు. వచ్చాడన్నమాట. ఉనోసుకే. ఈ మూడు నెలలుగా రోజూ వస్తున్నాడు. రేవు గోడ మీద చేపల పెట్టె బోర్లించుకుని కూర్చుంటాడు, నారింజ తింటాడు, తొక్కలు నీళ్లలో పడేస్తాడు, పలకరించడు. డెబ్భై దాటాయి, వీపు వంగింది, మెడ మాత్రం నిలబెట్టే ఉంచుతాడు. ఊళ్లో ఎవరూ అతన్ని పేరుతో పిలవరు. జల్లెడ. పిల్లలు కూడా జల్లెడ తాత అనే అంటారు. పలకల సందుల్లో దేవదారు బెరడు పీచు కొట్టడం అతని పని. ఉలి మీద కొయ్య సుత్తి పడుతుంటే ఊళ్లో ఆడవాళ్లు ఆ తాళానికి బట్టలు ఉతికేవాళ్లు. నేను ఆ రోజుల్లో అతన్ని అన్నా అనేవాణ్ని. అన్నా, ఈ సందుకి ఎన్ని పోగులు? అన్నా, చాలా? "చాలో లేదో నీ చెవి చెప్తుందిరా, కన్ను కాదు," అనేవాడు. పోయిన నెల పరీక్షకని అడుగు సందు ఒక మూరెడు పీకి చూశాను. నలభై ఏళ్ల నాటి పీచు. కొక్కెం పెట్టి లాగితే రాలేదు, నా భుజం పట్టేసింది గాని రాలేదు. చివరికి ఒక పోగు తెగి వచ్చింది, ముక్కు దగ్గర పెట్టుకుంటే అప్పుడే చెక్కిన చెట్టు వాసన. ఈ పడవలో కుళ్లనిది అదొక్కటే. పలక కుళ్లింది, మేకు కుళ్లింది, ఇంజిన్ దిమ్మ కుళ్లింది, అతని పీచు కుళ్లలేదు. ఆ పోగు జేబులో పెట్టుకున్నాను, నత్సుయోకి చూపించలేదు.

నీళ్లు ఇంజిన్ గోతి కిందికి వచ్చాయి. చల్లదనం పలక లోంచి పొట్టకి తెలుస్తోంది. పిండి తెల్లగానే ఉంది.

"ఏరా, ఇంకా ఊపిరాడుతోందా అందులో?" పైనుంచి. నాతోనే. నలభై ఏళ్లలో నాతో అన్న మొదటి మాట.

టార్చి మళ్లీ పిండి మీదికి తిప్పాను.

"పలకవేం? నా సందులోంచి కారుతోందా, లేదా? చెబితే ఇంటికి పోతా. నారింజలైపోయాయి."

"ఇంకా చూస్తున్నా," అన్నాను.

"చూడు చూడు. చూడ్డానికేం, నీకు కళ్లు బానే ఉన్నాయి మొదట్నించీ."

ఎగతాళో మామూలు మాటో తెలియలేదు. ఆ గొంతు అంతే, ముప్పై ఏళ్లు మరుగుదొడ్లు తోడే లారీ నడిపినవాడి గొంతు, గట్టిగా, ఎవరూ దగ్గరికి రారు కాబట్టి దూరానికి వినపడేలా. ఆ లారీ వస్తే కిటికీలు మూసుకునేవాళ్లం. నేనూ మూసుకునేవాణ్ని. గొట్టం మా దొడ్డి గుంటలో పెట్టి అతను నిలబడితే, మా ఆవిడ చెంబుతో నీళ్లు బయట పెట్టి లోపలికి పరిగెత్తేది. ఒకసారి కిటికీ సందులోంచి చూశాను, చేతులు కడుక్కుంటూ మా ఇంటి వైపు చూస్తున్నాడు. అప్పుడు నా ముక్కుకి గుడ్డ కట్టుకుని ఉన్నాను. అతని కంపుకి కట్టుకున్నాననుకున్నాను. ఆ గుంటలోది మాదే కదా.

ఆ రోజు ఈ రేవులోనే, ఈ వాలు మీదే. పడవ దించిన మరుసటేడు మోహెయ్ అరుచుకుంటూ వచ్చాడు, రాత్రికి రాత్రి అడుగంతా నీళ్లు నిండి కొత్త ఇంజిన్ మునిగిందని. అంతకుముందే ఒకసారి సందులన్నీ మళ్లీ కొట్టించారు, అయినా ఆగలేదు. మా గురువు గెంబే గారు పడవంతా తడిమి చూశారు. పలకలు బాగున్నాయి, మేకులు బాగున్నాయి. ఇంజిన్ ముందర అడుగున అడ్డంగా పరిచిన లావు దూలం దగ్గరికి వచ్చి, దండం పెట్టుకుని దాటిపోయారు. ఆ దూలంలో పడవ దేవత ఉంటుంది. అక్కడ ఎవరూ వేలు పెట్టరు. ఇంకేం మిగిలింది? పీచు. గెంబే గారు ఉనోసుకే చేతిలోంచి కొయ్య సుత్తి లాక్కుని, నలుగురూ చూస్తుండగా సముద్రంలోకి విసిరేశారు. ఇనప కట్లు వేసిన సుత్తి, గుభుక్కున మునిగింది. "నీది చెయ్యా, జల్లెడా?" అన్నారు. అందరూ నవ్వారు. పేరు ఆ నవ్వులో పుట్టింది. అతను సుత్తి పడిన చోటే చూస్తూ నిలబడ్డాడు, తర్వాత ఒక్కసారి నా వైపు చూశాడు. నేను వంగి చెప్పుల తాడు సర్దుకున్నాను.

ఆటు తీశాక బురదలో దొరికింది సుత్తి. ఇచ్చేద్దామనే తీశాను. రేపిద్దాం అనుకున్నాను, అతను దీవి వదిలి పోతాడేమో అనుకున్నాను, పోలేదు, లారీ ఎక్కాడు. పిడి మీద అతను కాల్చి పెట్టుకున్న గుర్తు ఉండేది, చిత్రిక పట్టి తీసేశాను. నలభై ఏళ్లుగా దానితోనే కొడుతున్నాను. ఇంత మంచి సుత్తి మళ్లీ దొరకలేదు. రాసుకోండి, నేను ఇలాంటివాణ్ని. ఈ మూడు నెలలూ పై సందులు దానితోనే కొట్టాను, అతను గోడ మీద కూర్చుని విన్నాడు.

నీళ్లు నా తొడల కిందికి వచ్చాయి. పిండి తెల్లగా, ఎంత తెల్లగా ఉందంటే వెగటు పుడుతోంది. తల అమరం వైపు పెట్టి పడుకున్నాను. కాళ్లు ఆ దూలం వైపు. పిండి అటు చల్లలేదు. నత్సుయో అడిగింది కూడా, "అక్కడ చల్లలేదే మేస్త్రిగారూ?" అని. "అక్కడ దేవతమ్మ ఉంది, అక్కడ వెతక్కూడదు," అన్నాను. "అవునవును, తప్పు తప్పు," అని రెండు చేతులూ జోడించింది. ఎంత సులువు. దేవుణ్ని అడ్డం పెట్టుకుంటే ఏ కంపూ బయటికి రాదు. నత్సుయో తండ్రి మోహెయ్‌కి ఎంత గర్వమో, మా పడవ దేవత పలికినట్టు ఇంకే పడవలోనూ పలకదు, చీ చీ అని రాత్రుళ్లు కీచురాయిలా పలుకుతుంది, గాలివాన ముందే చెబుతుంది అని సారా పోసి మరీ చెప్పేవాడు. పలకదా మరి? కన్నంలోంచి నీళ్లు ఎక్కుతుంటే లోపలి గాలి మూత సందులోంచి దూరి బయటికొచ్చే కూత అది. వాళ్లు దానికి సారా పోశారు, దండాలు పెట్టారు, నేను పక్కన కూర్చుని గిన్నె ఖాళీ చేశాను.

పడవ దించే రోజు తెల్లవారుజామున దేవత గూడు గురువే తవ్వాలి, ఒక్కడే, ఎవరూ చూడకుండా. గెంబే గారు ముందు రోజు విందులో తాగి మెట్ల మీద పడి బొటనవేలు విరగ్గొట్టుకున్నారు. గురువు వేలు విరిగి శిష్యుడు గూడు తవ్వాడని తెలిస్తే మోహెయ్ పడవ తీసుకోడు. నన్ను లేపి ఉలి చేతిలో పెట్టారు. "అరచేయంత. లోతు రెండంగుళాలు. నోరెత్తావో, చంపేస్తా." ఇరవై ఏళ్లు నాకు. చేయి వణికింది, వణుకుతోందని గట్టిగా కొట్టాను. దూలం దాటి అడుగు పలకలోకి దిగింది ఉలి, పలకల్ని కలిపే మేకు కోసం బయటినుంచి తవ్విన గుంటకి తగిలి ఒక్కసారి తేలికైపోయింది. ఆ తేలికదనం ఇప్పటికీ నా మణికట్టులో ఉంది. లోపల మేకు తల కనపడింది. బయట గురువు దగ్గుతున్నారు. పక్కన విందు అన్నం ఉంది, ఎర్ర గింజలు వేసి వండిన శుభకార్యపు అన్నం, నా పొట్లంలో. పిడికెడు నోట్లో కుక్కుకుని నమిలాను. చెక్క పొట్టు కలిపాను. ఉమ్మితో ముద్ద చేసి కన్నంలో కూరాను. దాని మీద దేవత కోసం కాగితపు బొమ్మలు రెండు, పాచికలు రెండు, పన్నెండు నాణేలు, అయిదు రకాల గింజలు, మోహెయ్ పెళ్లాం తల వెంట్రుకలు. మూత బిగించి కొయ్య మేకులు కొట్టాను. బయటికొస్తే గెంబే గారు నా మూతి మీద మెతుకు చూసి, "దేవత దగ్గర తింటావురా గాడిదా," అన్నారు. అంతే అన్నారు.

తడి.

ఎడమ పాదం బొటనవేలికి. మేజోడు లోంచి, చల్లగా, పిల్లి నాలుకలాగా. కదల్లేదు. కాలు చెమట అనుకుందామని చూశాను. ఇప్పటికీ, ఇంత రోతలో పడుకుని కూడా, కాలు చెమట అనుకుందామనే చూశాను. కళ్ల ముందు పిండి తెల్లగానే ఉంది, ఇంకో పావుగంట ఇలాగే పడుకుంటే పైకెక్కి, ఎక్కడా కనపడలేదమ్మా, సందులన్నీ పీకేద్దాం అనొచ్చు. గోడ మీద ముసలాడు లేచి పోతాడు. కుడి పాదం కూడా తడిసింది. అప్పుడు దూలం దగ్గర చిన్నగా చీ చీ మని వినపడింది, మోహెయ్ సారా పోసి మొక్కిన ఆ కూతే. గోనెసంచి మీద కక్కుకున్నాను. మూతి తుడుచుకుని, తిరిగి, ఉలి తీసుకుని ఆ మూత కొయ్య మేకులు లేపాను.

దండం కూడా పెట్టలేదు. మూత లేవగానే నల్లటి నీళ్లు బుగ్గలా పొంగాయి. బొమ్మలు గుజ్జయ్యాయి. నాణేలకి పచ్చ చిలుము పట్టింది. గింజలు లేవు. వెంట్రుకల చుట్ట జిగటగా, కాలవలో దొరికిన ఎలుకలాగా. వాటి కిందికి వేలు పెట్టాను. అన్నం ఏమీ మిగల్లేదు, ఎప్పుడో మొదటి నెలలోనే కరిగిపోయి ఉంటుంది. వేలు కన్నంలోకి దిగింది. అంచున ఉలి చెక్కిన మెట్టు, వంకరగా, వణికిన చోటే వణుకుతూ అలాగే ఉంది. దాని పక్కనే అతని సందు, గట్టిగా, పొడిగా.

"అన్నా!" అని అరిచాను.

"ఎవర్రా అన్న?"

"నీ సందు కాదన్నా. దేవత గూడు. నేనే తవ్వా, లోతుగా తవ్వేశా. మేకు తగిలింది. అన్నం నమిలి కూరి మూసేశా."

"తెలుసు," అన్నాడు ఉనోసుకే. నారింజ ధర చెప్పినట్టు చెప్పాడు. "రెండోసారి సందులు కొట్టమన్నప్పుడే తెలిసింది. ఆ దూలం పక్కకి రాగానే సుత్తి మాట మారింది. లోపల బోలు."

"మరి చెప్పలేదేం?"

"ఎవడికి? తన తప్పు దేవత మీదికి నెడుతున్నాడంటారు. నువ్వే చెప్తావనుకున్నాలే. కుర్రాడు, భయపడ్డాడు, ఇవాళ కాకపోతే రేపు చెప్తాడు అనుకున్నా." పెట్టె జరిపిన చప్పుడు. "ఆ కన్నంలోకి చెప్తే ఎవడికి వినపడుద్ది? లేచి నిలబడి చెప్పు. నత్సుయో ఇక్కడే ఉంది. లాంచీ కోసం నిలబడ్డోళ్లున్నారు. గట్టిగా."

లేచాను. తల బయటికి పెడితే గాలి. మంచి గాలి, ఉప్పు గాలి, నాకు అక్కర్లేనంత మంచి గాలి. గోడ మీద ఎనిమిది మంది ఉన్నారు, ముల్లంగి కట్టలతో ఒకామె, తపాలా సంచితో ఒకడు. మీసాలకి వాంతి, చేతులకి మడ్డి, మళ్లీ చెప్పాను, మొత్తం, అన్నం సంగతి, సుత్తి సంగతి కూడా. ముల్లంగి ఆమె పక్కావిడని, "ఏంటంటాడు? జల్లెడ కాదంటనా?" అని అడిగింది. "ఉనోసుకే అనవే," అంది ఆవిడ, మెల్లగా. ఒక్కరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది.

నత్సుయో వాలులోకి దిగి మోకాలి లోతు నీళ్లలో పడవ దగ్గరికి వచ్చింది. వెంట్రుకల చుట్ట ఆమెకి అందించాను. వాళ్లమ్మవి. రెండు చేతులతో తీసుకుని, మొహం దగ్గరికి తెచ్చుకుని, ఆ కంపుకి చటుక్కున తల తిప్పేసుకుంది. ఆ తర్వాత కంటి కొసలతో నా వైపు చూసింది, తల మాత్రం ఇటు తిప్పలేదు.

ఉనోసుకే మెల్లగా ఒక్కో మెట్టూ దిగాడు. చేయి చాచాడు. "సుత్తి."

ఇచ్చాను. పిడి తిప్పి, గుర్తు గీకేసిన చోట బొటనవేలితో రాశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మొహం ముడుచుకుంది.

"ముప్పై ఏళ్లు ఊరందరి దొడ్లూ తోడా," అన్నాడు. "ఇంత కంపు ఎక్కడా చూళ్లేదు."

చొక్కా అంచుతో పిడి తుడిచాడు, మళ్లీ తుడిచాడు. "రేపు ఆటుకి వస్తానమ్మా," అన్నాడు నత్సుయోతో. "పలక ముక్క వేసి పీచు కొట్టేస్తా. పీచు నా దగ్గరుంది. వీణ్ణి మాత్రం పడవ దగ్గరికి రానీకు."

"మరి ఇప్పుడు నీళ్లు?" అంది ఆమె. నా కాళ్ల చుట్టూ పిండి ముద్దలు తేలుతున్నాయి. "ఆటు తీసేదాకా తోడాలిగా, బాబాయ్? లేకపోతే మునుగుద్ది."

ఆమె అతన్ని బాబాయ్ అనడం అదే మొదటిసారి. ఉనోసుకే అప్పటికే మెట్లెక్కుతున్నాడు, వెనక్కి చూడలేదు.

"అది వాణ్ణి తోడనీ," అన్నాడు.

నత్సుయో బకెట్ పడవ అంచు మీద పెట్టింది. పెట్టి, చేయి సముద్రంలో కడుక్కుంది. నేను బకెట్ తీసుకుని వంగాను.